తలకు దెబ్బ తగిలి కోమాలోకి వెళ్ళిన మనిషిని లేపే మందు ఉందా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలి కదా. తమ్ముడికి ఇరవై నాలుగేళ్ళు. బైక్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలి నెల దాటింది. వెంటిలేటర్ తీసేశారు. గొంతు దగ్గర ట్రాకియాస్టమీ గొట్టం, ముక్కులో ఫీడింగ్ ట్యూబు ఉన్నాయి. వారం నుంచి కళ్ళు తెరుస్తున్నాడు కానీ ఎవరినీ గుర్తుపడుతున్నట్టు లేదు. చుట్టాల్లో ఒకాయన స్టెమ్‌సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే లేస్తాడని, ఇంకొకరు ఫారిన్ ఇంజెక్షన్ ఉందని చెప్పారు. నిజంగా లేపే మందు ఉందా, పొలం అమ్మైనా చేయించాలా, మేం మాట్లాడేది వాడికి వినిపిస్తుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. కోమాలోంచి మనిషిని లేపే ఇంజెక్షన్ ఏ దేశంలోనూ లేదు. కోలుకునే వేగాన్ని కొంత పెంచుతుందని పెద్ద పరీక్షలో తేలిన మందు ఒకటుంది, పేరు అమాంటడిన్. ఫారిన్ నుంచి తెప్పించాల్సిన పని లేదు, ఇక్కడే దొరుకుతుంది. అయితే దానికంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. మీ తమ్ముడి మెదడును ఇంకా మగతలో ఉంచుతున్నవి ఏమైనా ఉన్నాయేమో వెతికి, ఉంటే తీసేయాలి. మా వార్డులో ఎక్కువ మార్పు కనిపించేది అలా వెతికినప్పుడే. పొలం మాత్రం అమ్మకండి.

నేను న్యూరో రిహాబిలిటేషన్ డాక్టర్ని, అంటే మెదడు దెబ్బతిన్నవాళ్ళు మళ్ళీ కోలుకునేలా చూసే డాక్టర్ని. ప్రాణగండం దాటి ఐసీయూ నుంచి బయటపడినా స్పృహ పూర్తిగా రానివాళ్ళు మా దగ్గరికి వస్తారు. చాలావరకు మీ తమ్ముడి వయసు కుర్రాళ్ళే, చాలావరకు బైకుల మీద వెళ్ళినవాళ్ళే. పేషెంటును చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఇక్కడ చెప్పిన ఏ మందైనా మీ డాక్టరుతో మాట్లాడాకే వాడాలి.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. కళ్ళు తెరుస్తున్నాడంటే మీ తమ్ముడు ఇప్పుడు కోమాలో లేడు. కోమా అంటే ఎంత పిలిచినా, గిచ్చినా కళ్ళు తెరవని స్థితి. అది సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి ఉండదు. ఆలోగా మనిషి పోవచ్చు, లేదా కళ్ళు తెరుస్తాడు. మెలకువను నడిపించేది మెదడు కాండం పైభాగం. ఇంటికి కరెంటు మెయిన్ లాంటిది అది. మెయిన్ ఆన్ అయినంత మాత్రాన ప్రతి గదిలో లైటు వెలగాలని లేదు. కళ్ళు తెరిచి, నిద్రా మెలకువా మారుతూ ఉండి, చుట్టూ ఏం జరుగుతోందో తెలుస్తున్న జాడ ఏమీ లేకపోతే దాన్ని వెజిటేటివ్ స్టేట్ అంటాం. ఆ మాట వినడానికి బాగుండదని 2010 నుంచి కొందరు డాక్టర్లు వేరే పేరు వాడుతున్నారు, స్థితి మాత్రం అదే. అప్పుడప్పుడైనా చూపుతో వెంబడించటం, చెప్పిన పని చేయటం ఉంటే అది మినిమల్లీ కాన్షస్ స్టేట్, అంటే స్పృహ కొద్దిగా ఉన్న స్థితి. 2002లో దీనికి విడిగా నిర్వచనం ఇచ్చారు. మీ డాక్టర్లు "కోమా" అన్నది మీకు సులభంగా అర్థం కావాలనే అయ్యుంటుంది. కానీ ఈ రెండింటిలో తమ్ముడు ఎక్కడున్నాడో అడగండి, ఎందుకంటే రెండో స్థితిలో ఉన్నవాళ్ళు కోలుకునే అవకాశం ఎక్కువ.

"పంతొమ్మిదేళ్ళు కోమాలో ఉండి లేచాడు" అని వాట్సాప్‌లో తిరిగే కథ మీకూ వచ్చే ఉంటుంది. అమెరికాలోని అర్కాన్సాలో టెరీ వాలిస్ అనే అతనికి 1984లో యాక్సిడెంట్ అయింది, 2003లో మాట వచ్చింది. అంతవరకూ నిజమే. కానీ అన్నేళ్ళూ అతను ఉన్నది కోమాలో కాదు, ఈ కొద్దిపాటి స్పృహ స్థితిలో. అలాంటి సంఘటన చాలా అరుదు కూడా. దాన్ని చూపించి ఎవరైనా డబ్బు అడిగితే జాగ్రత్త.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ డాక్టరును మొదట అడగాల్సింది: "లేవకుండా ఆపుతున్నది ఇంకేమైనా ఉందా సార్?"

దీంట్లో ముందు చూడాల్సినవి మందులే. ఐసీయూలో మత్తు కోసం ఇచ్చే మిడజోలం, ఫెంటానిల్ వంటివి కిడ్నీ, లివర్ సరిగా పని చేయకపోతే ఒంట్లో చాలా రోజులు నిలిచిపోతాయి. తర్వాత వార్డులో "ట్యూబులు పీకేస్తున్నాడు, రాత్రి పడుకోవట్లేదు" అని హాలోపెరిడాల్ లాంటివి రాస్తారు. ఫిట్స్ రాకుండా ఫెనిటాయిన్ ఇస్తారు, దాని మోతాదు రక్తంలో పెరిగితే మనిషి తూగుతాడు. ఇవి ఎవరో తప్పు చేసి ఇచ్చినవి కావు, ఇచ్చిన రోజు అవసరమై ఇచ్చినవే. అవసరం తీరాక కూడా చీటీ మీద అలాగే ఉండిపోతుంటాయి. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు రోజంతా కళ్ళు మూసుకునే ఉండేవాడు. రాత్రి ఇచ్చే మత్తు మాత్ర క్రమంగా తగ్గించి, ఫిట్స్ మందు మార్చాక, పది రోజుల్లో తండ్రి గది దాటి వెళ్తుంటే చూపుతో వెంబడించాడు. కొత్తగా మేం ఇచ్చింది ఏమీ లేదు. అయితే మీరు సొంతంగా ఏ మందూ ఆపొద్దు. ఫిట్స్ మందు, మత్తు మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ముంచుకొచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

మెదడులో నీరు చేరటం ఇంకో కారణం. వాపు ఎక్కువైనప్పుడు పుర్రె ఎముక ముక్క తీసి పొట్ట చర్మం కింద దాచిపెడతారు, మీ తమ్ముడికీ అలా చేశారేమో చూడండి. అలా చేసినవాళ్ళలో కొన్ని వారాల తర్వాత మెదడు గదుల్లో నీరు పెరగటం మామూలుగానే చూస్తాం. అప్పటిదాకా కాస్త బాగుపడుతున్న మనిషి ఆగిపోతాడు, లేదా వెనక్కి వెళ్తాడు. ఎముక తీసిన చోట గుంటగా ఉండాల్సింది ఉబ్బి గట్టిగా తగులుతుంది. సీటీ స్కాన్ తీస్తే తెలిసిపోతుంది. మేస్త్రీ పని చేసే ఒకాయనకు షంట్ (ఆ నీటిని బయటికి మళ్ళించే సన్న గొట్టం) వేసిన వారంలోనే తేడా కనిపించింది, భార్య పేరు పెదవులతో పలికాడు. గొంతులో గొట్టం ఉంది కాబట్టి శబ్దం రాలేదు. అందరికీ ఇంత బాగా రాదు, కానీ ఇది వెతకకుండా స్టెమ్‌సెల్స్ దగ్గరికి పరుగెత్తటం అన్యాయం.

బయటికి కనిపించని ఫిట్స్ కూడా ఉంటాయి. చేతులు కాళ్ళు కొట్టుకోవు, మెదడులో మాత్రం నడుస్తూనే ఉంటాయి. ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) తీస్తేనే బయటపడతాయి, కుదిరితే గంటల తరబడి తీసే ఈఈజీ మంచిది. సోడియం తగ్గటం, మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్ఫెక్షన్, మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథి దెబ్బతిని థైరాయిడ్, కార్టిజాల్ హార్మోన్లు పడిపోవటం, ఇవన్నీ రక్త పరీక్షల్లో, ఎక్స్‌రేలో తేలేవే. కొందరికి ఉన్నట్టుండి చెమటలు, జ్వరం, గుండె దడ, ఒళ్ళంతా బిగుసుకుపోవటం వస్తాయి. ఇంట్లోవాళ్ళు ఫిట్స్ అనుకుంటారు. తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్ళలో నరాల వ్యవస్థ అదుపు తప్పి అలా అవుతుంది, దానికి వేరే మందులున్నాయి.

స్పృహ ఉందో లేదో కనిపెట్టటం అనుకున్నంత తేలిక కాదు. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, డాక్టర్లు అందరూ కలిసి వెజిటేటివ్ అని తేల్చిన పేషెంట్లను పద్ధతి ప్రకారం మళ్ళీ పరీక్షిస్తే 41 శాతం మందిలో స్పృహ జాడలు దొరికాయి. రౌండ్స్‌లో రెండు నిమిషాలు చూసి చెప్పగలిగేది తక్కువ. కోమా రికవరీ స్కేల్ అని 23 మార్కుల పరీక్ష ఉంది, దాన్ని వేర్వేరు రోజుల్లో చాలాసార్లు చేయాలి. స్పృహ ఎంత ఉందో చెప్పటానికి ఐసీయూలో రోజూ రాసే గ్లాస్గో స్కోరు 1974 నాటిది, మొదటి రోజులకు బాగా పనికొస్తుంది. ఈ దశలో అది చాలదు.

ఇక్కడ మీ సాయం చాలా అవసరం. ఒక చేతి అద్దం తీసుకెళ్ళండి. తమ్ముడి మొహం అతనికే కనిపించేలా పట్టుకుని మెల్లగా పక్కకు, పైకి, కిందికి జరపండి. మన మొహాన్ని మన కళ్ళు ఇట్టే వదలవు, పెన్నుకీ వేలికీ కదలని చూపు అద్దానికి కదిలిన సందర్భాలు చాలానే ఉన్నాయి. చెయ్యి పట్టుకుని "నొక్కరా" అంటే నొక్కాడని మురిసిపోకండి. అరచేతిలో వేలు పెడితే ముడుచుకోవటం పసిపిల్లలకు కూడా ఉంటుంది. "బొటనవేలు పైకెత్తు", "నాలుక బయటపెట్టు", "కళ్ళు గట్టిగా మూసుకో" లాంటివి అడగండి. అడిగాక పది పదిహేను సెకన్లు ఆగండి, దెబ్బతిన్న మెదడుకు టైమ్ కావాలి. మందులు వేసిన వెంటనే కాకుండా, కాస్త కూర్చోబెట్టినప్పుడు చేయండి. చేసిన ప్రతిసారీ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, మీ డాక్టరుకు వంద మాటలకంటే అది పనికొస్తుంది.

ఏ భాషలో అడుగుతున్నారన్నది కూడా చూసుకోండి. హైదరాబాద్ ఆసుపత్రుల్లో సిస్టర్లు హిందీలోనో ఇంగ్లీషులోనో "ఓపెన్ యువర్ ఐస్" అంటుంటారు. తండా నుంచి వచ్చిన ఒక కుర్రాడు మా అందరికీ రాయిలా ఉండేవాడు. వాళ్ళమ్మ లంబాడీలో చెబితే నాలుక చాపాడు. చెవి పక్క ఎముక విరిగితే వినికిడి పోయి ఉండవచ్చు, కంటి నరం దెబ్బతింటే ఒక కన్ను కదలకపోవచ్చు. ఒక దారి మూసుకుపోయిందని మనిషి లోపల లేడనుకోకూడదు.

నిజానికి, బయటికి ఏ జాడా లేనివాళ్ళలో కూడా కొందరికి లోపల తెలుస్తుంటుంది. 2006లో కేంబ్రిడ్జిలో వెజిటేటివ్ స్థితిలో ఉన్న ఒక యువతిని స్కానర్‌లో పెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకొమ్మని చెబితే ఆమె మెదడు ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించింది. 2024లో ఆరు కేంద్రాలు కలిసి చేసిన అధ్యయనంలో, చెప్పిన పని చేయలేని 241 మందిలో 60 మంది స్కాన్‌లోనో ఈఈజీలోనో చెప్పినట్టు ఊహించగలిగారు. అంటే నలుగురిలో ఒకరు. ఈ పరీక్ష ఎక్కడో చేయించాలని తిరగకండి, మామూలు ఆసుపత్రుల్లో చేసేది కాదు. కానీ మీ చివరి ప్రశ్నకు జవాబు దీంట్లోనే ఉంది: వినిపిస్తుండవచ్చు. మంచం పక్కన నిలబడి బిల్లుల గురించి, "ఇంక లేవడేమో" అని ఏడుపులు, ఆస్తి మాటలు వద్దు. కారిడార్‌లోకి వెళ్ళి మాట్లాడుకోండి.

ఇంట్లోవాళ్ళ గొంతుతో చేసే చికిత్స మీద 2015లో అమెరికాలో ఒక చిన్న పరీక్ష జరిగింది. పదిహేను మందే పేషెంట్లు. పేషెంటుకూ ఇంటివాళ్ళకూ తెలిసిన పాత సంఘటనలను ఇంటివాళ్ళ గొంతుతో రికార్డు చేసి, పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగుసార్లు, ఆరు వారాలు వినిపించారు. వినిపించినవాళ్ళలో మెరుగు కనిపించింది. చిన్న పరీక్ష కాబట్టి దాన్ని పట్టుకుని గ్యారంటీ ఇవ్వలేను, కానీ ఖర్చు లేదు, హాని లేదు. ఇద్దరూ కలిసి చేసిన అల్లరి, ఊళ్ళో చెరువు దగ్గర జరిగింది, క్రికెట్ గొడవలు, ఇలాంటివి చెప్పండి. రోజంతా చెవిలో పాటలు పెట్టి వదిలేయకండి. మధ్యమధ్య నిశ్శబ్దం కావాలి, రాత్రి చీకటి కావాలి, నిద్ర కావాలి.

అమాంటడిన్ సంగతి. మొదట ఫ్లూకి వచ్చిన మందు, తర్వాత పార్కిన్సన్స్ జబ్బుకు వాడారు. మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే డోపమిన్ అనే రసాయనం పనిని పెంచుతుంది. 2012లో ప్రచురించిన పరీక్షలో మూడు దేశాల్లోని 184 మందికి, దెబ్బ తగిలిన నాలుగు నుంచి పదహారు వారాల మధ్య, సగం మందికి ఈ మందు, సగం మందికి ఉత్త మాత్ర నాలుగు వారాలు ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్ళు వేగంగా మెరుగయ్యారు. ఆపిన రెండు వారాలకు మాత్రం తేడా చాలావరకు చెరిగిపోయింది. అందుకే దీన్ని నేను కోలుకోవటాన్ని కాస్త ముందుకు తోసే మందుగా చూస్తాను, లేపే మందుగా కాదు. అమెరికా న్యూరాలజీ అకాడమీ 2018 మార్గదర్శకాల్లో ఇలాంటివాళ్ళకు వాడమని సిఫారసు చేసింది. ఆ పరీక్షలో 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టి, ఒక్కోసారికి 200 దాకా పెంచారు. సాయంత్రం ఆలస్యంగా ఇస్తే నిద్ర చెడుతుంది కాబట్టి మేం ఉదయం, మధ్యాహ్నం ఇస్తాం. కిడ్నీ సరిగా లేకపోతే మోతాదు తగ్గించాలి. ఫిట్స్ వచ్చినవాళ్ళకు ఆలోచించి ఇవ్వాలి. మీ తమ్ముడు సరిగ్గా ఆ నాలుగు, పదహారు వారాల మధ్యలో ఉన్నాడు కాబట్టి అడగాల్సిన సమయం ఇదే.

జోల్పిడెమ్ అని నిద్రమాత్ర ఉంది. విచిత్రంగా కొందరికి అది వేస్తే కాసేపు మెలకువ వస్తుంది. 2000లో దక్షిణాఫ్రికా డాక్టర్లు మొదట రాశారు. తర్వాత పరీక్షిస్తే సుమారు ఇరవై మందిలో ఒకరికి పనిచేసింది, అదీ కొన్ని గంటలే. ఇతర దారులన్నీ చూశాక, డాక్టరు ఎదురుగా ఉండి ఒకసారి వేసి చూడవచ్చు.

సిటికోలిన్ మన దగ్గర తలకు దెబ్బ తగిలిన ప్రతివారి చీటీలో కనిపిస్తుంది. అమెరికాలో 1,213 మంది మీద చేసిన పరీక్ష 2012లో వచ్చింది, తొంభై రోజులు ఇచ్చినా ఉత్త మాత్రకంటే మెరుగేమీ లేదు. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే మొదట ఇది ఆపవచ్చేమో అడగండి. స్టెరాయిడ్ల కథ ఇంకా ఘోరం. పదివేల మందికి పైగా పేషెంట్ల మీద చేసి 2004లో ప్రచురించిన పరీక్షలో, దెబ్బ తగిలిన తొలి గంటల్లో స్టెరాయిడ్ ఇచ్చినవాళ్ళే ఎక్కువగా చనిపోయారు. "ఏదో ఒకటి చేద్దాం" అనే తొందర అంత ప్రమాదం.

స్టెమ్‌సెల్స్: మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప మిగతా వాటికి పరిశోధనలో భాగంగానే ఇవ్వాలి, పరిశోధన అన్నప్పుడు పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడుగుతున్నారంటే అక్కడే అర్థం చేసుకోండి. మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టే ఆపరేషన్ 2007లో ఒక అమెరికన్ పేషెంటుకు సాయపడింది, కానీ అతను దెబ్బ తగిలిన ఆరేళ్ళకు, కొంత స్పృహ ఉన్న స్థితిలో చేయించుకున్నాడు. తల మీద స్వల్ప కరెంటు, అల్ట్రాసౌండ్ లాంటివి ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. హైపర్‌బారిక్ ఆక్సిజన్ (ఎక్కువ ఒత్తిడి ఉన్న గదిలో ఇచ్చే ఆక్సిజన్) స్పృహ తెప్పిస్తుందని ఇంతవరకు రుజువు లేదు.

ఒంటి సంగతి కూడా చెప్పాలి. మెదడు లేచేసరికి శరీరం పనికొచ్చేలా ఉండాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పటం, మడమలు మంచానికి ఆనకుండా చూడటం, కీళ్ళు బిగుసుకోకుండా ఫిజియో, గొంతు గొట్టంలో కఫం తీయటం, ఫీడ్ ఇచ్చేటప్పుడు తల ఎత్తి ఉంచటం. వీటిని నర్సింగ్ పని అని చిన్నచూపు చూస్తారు గానీ, మా దగ్గరికి వచ్చేవాళ్ళను వెనక్కి లాగేవి ఎక్కువగా పుండ్లు, న్యుమోనియానే. టిల్ట్ టేబుల్ (మనిషిని మెల్లగా నిలువుగా లేపే బల్ల) మీద కట్టి నిలబెడితే చాలామంది మెలకువగా ఉంటారు, పరీక్ష కూడా అప్పుడు చేస్తే బాగుంటుంది.

అవకాశం ఎంత? 2021లో అమెరికాలో ఏడాదిపాటు గమనించిన అధ్యయనం ఉంది. యాక్సిడెంట్ల లాంటి దెబ్బల వల్ల రెండు వారాలకు వెజిటేటివ్ స్థితిలో ఉన్నవాళ్ళలో 78 శాతం మంది ఏడాదిలోపు స్పృహలోకి వచ్చారు. తానెవరు, ఎక్కడున్నాడు, ఏ రోజు అన్నది పూర్తిగా తెలిసే దశకు చేరింది మాత్రం నాలుగో వంతు మందే. మీ తమ్ముడికి నెల దాటింది కాబట్టి ఈ లెక్క యథాతథంగా వర్తించదు, కొంత తగ్గించి చూసుకోవాలి. వయసు చిన్నది, గుండె ఆగి ఆక్సిజన్ అందక పోయిన కేసు కాదు, ఈ రెండూ అతనివైపు ఉన్నాయి. దెబ్బ కాకుండా ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళ దారి చాలా కష్టం. ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973 నుంచి 2015 దాకా అలాగే ఉండిపోయింది ఆ రకం దెబ్బ వల్లే.

లేవటం అంటే సినిమాలో చూపినట్టు "అమ్మా" అని కళ్ళు తెరవటం కాదు. మధ్యలో ఒక దశ వస్తుంది: అరుస్తాడు, కొడతాడు, ట్యూబు పీకుతాడు, ఎప్పుడూ వాడని బూతులు తిడతాడు. ఇంట్లోవాళ్ళు హడలిపోయి మత్తు ఇవ్వమంటారు. చాలామందిలో అది ముందుకు వెళ్తున్న గుర్తు. మంచానికి రెయిలింగ్ పెట్టి, చేతికి మెత్తటి గ్లౌజ్ తొడిగి, గదిలో మనుషులను తగ్గించి కొన్ని వారాలు ఓర్చుకోవాలి. మత్తు తప్పనిసరైతే తక్కువ మోతాదులో, కొద్ది రోజులకే.

ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది కూడా అడిగేలా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆపరేషన్, ఐసీయూ ఖర్చుకు ఆరోగ్యశ్రీ అక్కరకొచ్చినా నెలల తరబడి రిహాబ్ ఖర్చు చాలావరకు మీ మీదే పడుతుంది, అందుకే ఉన్న డబ్బు దీనికి దాచుకోమంటున్నాను. బెంగళూరు నిమ్హాన్స్‌లో, వేలూరు సీఎంసీలో ఈ పనికి ప్రత్యేక విభాగాలున్నాయి. వెళ్ళే ముందు ఫోన్ చేసి బెడ్ ఉందో లేదో కనుక్కోండి, ట్రాకియాస్టమీ ఉన్న మనిషితో అంత దూరం వెళ్ళి వరండాలో కూర్చోవాల్సిన పరిస్థితి రాకూడదు.

రేపు రౌండ్స్‌కి డాక్టరు వచ్చేసరికి ఇవి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: ప్రస్తుతం ఇస్తున్న మందులన్నీ మోతాదులతో, చివరి సీటీ ఏ తేదీన తీశారు, ఈఈజీ తీశారా లేదా, సోడియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), థైరాయిడ్ రిపోర్టులు, ఇప్పటిదాకా ఫిట్స్ వచ్చాయా. అమాంటడిన్ ఇవ్వొచ్చా అని అడిగితే ఆయన ముందుగా వెతికేవి ఇవే.